పడసాల ఎనక లేని నడవ, బురుజు కింద సొరంగం: కలల మీద మీ ప్రశ్నలు

పోయిన సంచికలో "కలలో పాత సందులు, నడవలు, సొరంగాలు కనపడేవాళ్లు రాయండి" అని చివర్లో రెండు లైన్లు వేసినామంతే, ఇన్ని ఉత్తరాలు వస్తాయని నేనైతే అనుకోలా. మామూలుగా కలల గురించి అడిగితే పాము అని ఒకరు, పళ్లు ఊడినాయని ఒకరు, బస్సు తప్పిపోయిందని ఒకరు తలా ఒకటి రాస్తారు. ఈసారి కర్నూలు, కడప, అనంతపురం నుంచి వచ్చినవన్నీ తిరిగి తిరిగి మూడు చోట్లకే పోతున్నాయి, పాత మిద్దె, కోట, గుహ. మన పక్క ఈ మూడిటికీ కొదవ లేదు కదా, వింతేముంది. పేర్లు తీసేసి, పొడుగువి కొంచెం కుదించి వేస్తున్నా.

ప్రశ్న: అక్కా, మాది జమ్మలమడుగు దగ్గర పల్లె, ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం. మా అవ్వోళ్ల మట్టిమిద్దె పడగొట్టి మా చిన్నాయన స్లాబు ఇల్లు కట్టినాడు, పడగొట్టేటప్పుడు నాకు లీవు దొరక్క పోలేకపోయినా. కలలో మాత్రం ఎప్పుడూ ఆ పాత మిద్దే వస్తుంది. పడసాల దాటినాక, గాదె పక్కన, నిజంగా ఎప్పుడూ లేని ఒక నడవ ఉంటుంది, కింద నాపరాళ్లు, పైన గవాక్షం లోంచి వెలుగు, పోయేకొద్దీ గదులు వస్తానే ఉంటాయి. చివర ఒక తలుపు. అది తీసేలోపల మెలకువ వచ్చేస్తుంది. భయమేం వేయదు గానీ లేచినాక చానాసేపు దిగులుగా ఉంటుంది. మా అమ్మకి చెప్తే పెద్దోళ్లు పిలుస్తున్నారు, శాంతి చేయించాల అంటుంది. నిజమేనా?

జవాబు: అమ్మ మాట సంగతి ముందు తేల్చేద్దాం తల్లీ. నువ్వు రాసిన కలలో చనిపోయినోళ్లు ఎవరూ లేరు, నిన్ను పేరు పెట్టి పిలిచినోళ్లూ లేరు, నీ కాళ్లతో నువ్వే పోతున్నావు. పిలుపు అనేది కల అయిపోయినాక అమ్మ చేర్చిన మాట. అమ్మ భయం అమ్మది, దాంతో వాదం పెట్టుకోవద్దు, గుడికి పోదాం రా అంటే పో, దీపం పెట్టు. వేలకి వేలు పోసి శాంతులు మాత్రం వద్దు.

ఇంక కల. ఉన్న ఇంట్లో లేని గది, లేని నడవ కనపడటం అనేది మనకొక్కరికే కాదు, పెద్ద పెద్దోళ్లకీ వచ్చింది. మనసు మీద, కలల మీద పుస్తకాలు రాసిన డాక్టర్లు ఫ్రాయిడు, యూంగు 1909లో ఇద్దరూ కలిసి ఓడలో అమెరికా పోతా వచ్చిన కలలు ఒకరికొకరు చెప్పుకుంటా ఉండినారు. అప్పుడు యూంగ్‌కి ఒక కల, రెండంతస్తుల ఇల్లు, తనదే అని తెలుస్తా ఉంది గానీ ముందెప్పుడూ చూసింది కాదు. పైన మంచి పాత సామాను, గోడలకి పటాలు. కిందికి దిగితే ఇంకా పాతకాలం, ఇటుకల నేల, చీకటి. ఒక బరువైన తలుపు తీస్తే రాతి మెట్లు, దిగితే రోమన్ల నాటి గోడలు. ఆడ నేల మీద ఒక బండకి కడియం ఉంది, లాగితే మళ్లీ సన్నటి మెట్లు, అడుగున చిన్న గుహ, దుమ్ములో ఎముకలు, పగిలిన కుండ పెంకులు, రెండు పుర్రెలు. ఫ్రాయిడ్ మిగతాదంతా వదిలేసి ఆ పుర్రెలు పట్టుకున్నాడు, అవి ఎవరివి, ఎవరి చావు కోరుకుంటున్నావు అని ఒకటే అడగడం. యూంగ్ ఆ పోరు పడలేక మా ఆవిడవి, మా మరదలివి అని చెప్పేసినాడు, ఆయన సరే అని ఊరుకున్నాడు. ఈ సంగతి యూంగే తర్వాత చెప్పుకున్నాడు. తన లెక్కలో ఆ ఇల్లు మనిషి మనసు, కిందికి దిగేకొద్దీ తన బతుకు కంటే పాతవైన పొరలు.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, కలల మీద లోకానికి పాఠం చెప్పిన ఇద్దరు ఒకే ఓడలో కూర్చుని ఒకే కల మీద ఒక్క మాటకి రాలేకపోయినారు, అట్లాంటప్పుడు "సొరంగం కనపడితే నష్టం, మెట్లు ఎక్కితే లాభం" అని పంచాంగం వెనక పేజీలో ఒక్క లైనుతో ఎట్లా తేలుతుంది చెప్పు. నేను యూంగ్ వైపు కొంచెం మొగ్గుతా, పూర్తిగా కాదు. ఆయన రోమన్ల దాకా దిగినాడు, నేను నీ మిద్దె దగ్గరే ఆగుతా.

ఎందుకంటే నీ మిద్దె కట్టడంలోనే సగం జవాబు ఉంది. మన పాత మట్టిమిద్దెలు చూసినోళ్లకి తెలుసు, మూరెడు పైన మందం గోడలు, తల వంచకుండా దాటలేని తలవాకిలి, కిటికీలు లేవు లేదా పేరుకి ఒకటి, వెలుగంతా గవాక్షం లోంచే, వాన మొదలైతే ఎవరో ఒకరు పైకెక్కి దాని మీద బండ కప్పాల. పడసాల దాకా పిల్లోళ్ల రాజ్యం. దాని లోపలి గదిలోకి మాత్రం పోనిచ్చేవాళ్లు కాదు, ఊరగాయ జాడీలు, విత్తనాల కుండలు, పెట్టె, ఇంటి దేవుడు, అన్నీ ఆడే, పట్టపగలు కూడా చీకటి. తెచ్చే పని పడితే అవ్వే కొంగు దోపుకుని పోయి చేత్తో తడుముకుని తెచ్చేది. అంటే ఆ ఇంట్లో పెరిగిన ప్రతి పిల్లకీ ఇంకా లోపల ఏదో ఉంది, నేను చూడలా అనేది చిన్నప్పుడే మనసులో పడిపోయి ఉంటుంది. లేని నడవ అంటున్నావే, అది అక్కడి నుంచే మొదలైంది అని నేననుకుంటా.

దీనికి మెదడు వైపు నుంచి కూడా ఒక ఆధారం ఉంది. మనం ఏ చోట ఉన్నామో గుర్తుపట్టే కణాలు మెదడులో ఉన్నాయని జాన్ ఓకీఫ్ 1971లో ఎలుకల్లో చూపించినాడు, ఇట్లాంటి కణాలు కనిపెట్టినందుకే ఆయనకీ, మోసర్ దంపతులకీ కలిపి 2014లో నోబెల్ ఇచ్చినారు. తర్వాత ఇంకొకటి బయటపడింది, ఎలుక పగలు నడిచిన దారిలో ఏ కణాలు ఏ వరసలో పనిచేసినాయో నిద్రలో మళ్లీ అదే వరసలో పనిచేస్తున్నాయి. మనుషుల కలలన్నీ దీంతోనే తేలిపోతాయని నేను చెప్పను గానీ, ఇల్లు పడిపోయినా ఇంటి దారులు తలలో పడిపోవు అనేదానికి ఇది చాలు. ఈ మాట మనవాళ్లు ముందే అన్నారు కూడా, బృహదారణ్యక ఉపనిషత్తులో యాజ్ఞవల్క్యుడు జనకుడికి చెప్తాడు, కలలో రథాలు ఉండవు, దారులు ఉండవు, రథాలనీ దారులనీ చూసేవాడే సృష్టించుకుంటాడు అని. నీ నడవ కట్టింది నువ్వే.

దిగులు సంగతి మిగిలింది. నీ ఉత్తరంలో నన్ను ఆపింది ఆ నడవ కాదు, మధ్యలో నువ్వు ఊరికే రాసి వదిలేసిన మాట, పడగొట్టేటప్పుడు పోలేకపోయినా అనేది. ఇల్లు పడేటప్పుడు దగ్గర నిలబడి చూసినోళ్లకి అది పడిపోయినట్టు, చూడనోళ్లకి ఇంకా అట్లనే నిలబడి ఉంటుంది. ఈసారి ఊరికి పోయినప్పుడు అమ్మనీ చిన్నాయననీ కూర్చోబెట్టి ఒక తెల్ల కాయితం మీద ఆ మిద్దె గీయించు, యాడ వాకిలి, యాడ గాదె, యాడ గొడ్లు కట్టే గాటిపాట, పైకప్పు దంతెలు ఎట్లా పోయినాయి, లోపలి గదిలో ఏమేం ఉండేవి అని. వాళ్లిద్దరికీ ఒకచోట లెక్క కుదరదు, కొట్లాడుకుంటారు, కొట్లాడుకోనీ. కల ఆగుతుందని నేను హామీ ఇవ్వను. అది ఆగాల్సిన కల అని కూడా నాకనిపించడం లేదు.

ప్రశ్న: మేడం, నేను కర్నూలు టౌన్. కొండారెడ్డి బురుజు కింద సొరంగంలో నడుస్తున్నట్టు, పైన నది పోతా ఉన్న చప్పుడు వినపడుతున్నట్టు కల మళ్లీమళ్లీ వస్తా ఉంది. తెలిసిన ఒకాయన తీసుకుపోతే ఒక సామి విని, నీకు నిధి యోగం ఉంది, మీ చేలో పాత బావి పక్కన తవ్వితే బయటపడుతుంది, పూజకి ముందు యాభై వేలు కట్టాల అన్నాడు. మా ఇంట్లో రెండు మాటలుగా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: కట్టొద్దు. ఇది మొదటి మాట, ఇదే చివరి మాట కూడా, అయినా అడిగినావు కాబట్టి చెప్తా.

బురుజు కింద నుంచి సొరంగం ఉందంట, తుంగభద్ర అడుగునించి పోయి గద్వాల కోటలో తేలుతుందంట అనే కథ వినకుండా కర్నూల్లో పెరిగిన పిల్లోడు ఉండడు. నువ్వు బురుజు ముందర నుంచి ఎన్నిసార్లు పోయి ఉంటావో లెక్కే లేదు. చూసిన బురుజు, విన్న సొరంగం, పక్కనే నది, మూడూ కలిసినాయి, కల వచ్చింది. సామి శాస్త్రం మాట్లాడినాడు కాబట్టి నేనూ శాస్త్రమే చెప్తా, పాత ఆయుర్వేద గ్రంథం చరకసంహితలో కలలు ఏడు రకాలన్నారు. చూసినవి, విన్నవి, అనుభవించినవి, కోరుకున్నవి, ఊహించుకున్నవి, జరగబోయేదాన్ని చూపేవి, ఒంట్లో దోషం వల్ల వచ్చేవి. వీటిలో మొదటి ఐదింటికీ ఫలం లేదని అక్కడే రాసుంది. నీది చూసింది, విన్నది, సామి చెప్పినాక ఇప్పుడు కోరుకున్నది కూడా అయి కూర్చుంది. మూడూ ఫలం లేని జాబితాలోవే.

పోనీ నిజంగానే తవ్వినావు, ఏదో దొరికింది అనుకో. 1878 నాటి నిధుల చట్టం ఇంకా ఉంది, పది రూపాయల విలువ దాటింది ఏదైనా భూమిలో దొరికితే కలెక్టరుకి తెలపాల్సిందే, దాచిపెడితే కేసు. నీ చేను కాకుండా కోటల దగ్గర, పాత గుళ్ల దగ్గర తవ్వితే రక్షిత కట్టడాల చట్టం వేరే మెడకి చుట్టుకుంటుంది. మన జిల్లాల్లో గుప్తనిధుల పేరుతో ఎన్ని నందుల పొట్టలు పగిలినాయో, ఎన్ని గుళ్లలో బండలు లేచినాయో పేపర్లో చూస్తానే ఉంటావు, అట్లా తవ్వినోళ్లలో నిధి దొరికి మిద్దెలు కట్టినోళ్లని నేనైతే చూడలా.

ఇంకొకటి, ఇది కలకి సంబంధం లేదు గానీ చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. పాత బావుల్లో, మూసిపెట్టిన గుంతల్లో గాలి చెడిపోయి ఉంటుంది. జొన్నలు నేలలో తవ్విన పాతరలో పోసుకునే కాలంలో పాతర తెరిచే దినం ఎవురూ ఉరుక్కుంటా దిగేవాళ్లు కాదు, మూత తీసి చానాసేపు గాలాడనిచ్చి, తాడుకి దీపం కట్టి మెల్లగా లోపలికి వదిలేవాళ్లు, దీపం ఆరకుండా నిలిస్తేనే మనిషి దిగేది, ఆరితే మళ్లీ మూత పక్కకి పెట్టి కూర్చోవడమే. ఆ మాత్రం బుద్ధి కూడా లేకుండా అర్ధరాత్రి పూట పూజలు చేసి మనుషుల్ని లోపలికి దించేవాళ్లు ఉన్నారు. ఆ సామి మళ్లీ ఫోన్ చేసి డబ్బుకి ఒత్తిడి పెడితే మీ స్టేషన్లో చెప్పు, మొహమాటపడొద్దు.

ప్రశ్న: అక్కా, సెలవల్లో బెలుం గుహలకి పోయొచ్చినాం, కడప నుంచి. అప్పటినుంచి మా బాబు, తొమ్మిదేళ్లు, రాత్రిళ్లు లేచి ఏడుస్తున్నాడు. లోపల దారి తెలియట్లా, లైట్లు ఆరిపోయినాయి, మీరు ముందర పోయినారు అంటాడు. దిష్టి తీసినా, తాయెత్తు కట్టించినా. ఏమైనా అర్థం ఉందా దీనికి?

జవాబు: అర్థం వాడే చెప్తున్నాడు కదమ్మా, మీరు ముందర పోయినారు అని. ఫోటోల హడావిడిలో మీరు రెండు మలుపులు ముందుకి పోయి ఉంటారు, వాడు ఒక్క నిమిషం ఒంటరైపోయి ఉంటాడు. బెలుం లోపలి దారి మొత్తం 3229 మీటర్లు, అందులో జనానికి తెరిచింది ఒకటిన్నర కిలోమీటర్లు, లోతైన చోటు పాతాళగంగ, పైనుంచి 46 మీటర్లు కింద. ఉక్క, చెమట, కొన్ని చోట్ల పెద్దోళ్లే వంగిపోవాల. పిల్లోడికి అది లోకం కంటే పెద్దది.

భయపెట్టే కలలకి డాక్టర్లు వాడే ఒక పద్ధతి ఉంది, ఖర్చు లేనిది. పగటిపూట, వాడు ఉషారుగా ఉన్నప్పుడు, ఆ కలని వాడి చేతే చెప్పించి చివర మార్పించాల. ఎట్లా మార్చాలో మీరు చెప్పొద్దు, వాడే చెప్పాల. టార్చి తెస్తాడో, హనుమంతుడే వస్తాడో, గుహకి వాడే గైడు అయిపోతాడో వాడిష్టం. ఆ కొత్త కథని బొమ్మలు గీయించి రోజూ ఒక పది నిమిషాలు, పడుకునేముందు కాకుండా సాయంత్రం పూట, తిరగేయించాల. పాత కల గురించి గుచ్చిగుచ్చి అడగొద్దు.

కథ కావాలంటే కిష్కింధకాండలో స్వయంప్రభ కథ చెప్పండి. సీతమ్మని వెతుకుతా వానరులు దాహంతో అల్లాడిపోతుంటే ఒక బిలం లోంచి రెక్కలు తడిసిన పక్షులు బయటికి వస్తాయి, అంటే లోపల నీళ్లున్నాయని హనుమంతుడు కనిపెడతాడు. అందరూ ఒకరి చేయి ఒకరు పట్టుకుని కటిక చీకట్లో పోతారు, పోతారు, ఆడ వెలుగు, పండ్లు, నీళ్లు, తపస్సు చేసుకునే స్వయంప్రభ. కడుపు నిండా పెడుతుంది. తిరిగి పోవడానికి దారి తెలియక అడిగితే కళ్లు మూసుకోండి అంటుంది, తెరిచేసరికి అందరూ బయట. ఒకరి చేయి ఒకరు పట్టుకున్నారు అనేచోట కొంచెం ఆగి చెప్పండి, వాడికి కావాల్సింది ఆ ముక్కే. తాయెత్తు ఉంటే ఉండనీండి, అడ్డమేం కాదు. నెల దాటినా తగ్గకపోతే, పగలు కూడా చీకటి గదికి పోనంటే, పిల్లల డాక్టరుకి చూపించండి.

ప్రశ్న: సన్నటి సందులో పాకుతా పోతున్నట్టు, గోడలు బిగుసుకుని ఊపిరాడనట్టు కల. ఉలిక్కిపడి లేస్తా, గుండె దడ. లారీ నడుపుతా, గుంతకల్లు. ఇంట్లో గురక పెడతానంటారు. ఈ కలకి దోషం ఏమన్నా ఉందా?

జవాబు: అన్నా, నీ కలకి నేను అర్థం చెప్పను, డాక్టరు చెప్తాడు. గురక, నిద్రలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేవడం, ఇవి రెండూ ఉంటే స్లీప్ ఆప్నియా ఉందేమో చూపించుకోవాల. నిద్రలో గొంతు దగ్గర దారి మూసుకుపోయి గాలి ఆగిపోయే జబ్బు అది. ఊపిరి తిత్తుల డాక్టరు గానీ చెవి ముక్కు గొంతు డాక్టరు గానీ చూస్తారు, పెద్దాసుపత్రుల్లో రాత్రి పడుకోబెట్టి టెస్టు చేస్తారు. పగలు స్టీరింగ్ దగ్గర కునుకు పడుతుంటే మాత్రం ఇంకొక్క ట్రిప్పు కూడా పోవద్దు, ముందు చూపించుకో, ఇది నీ ఒక్కడి ప్రాణం కాదు. బీపీకో, చేతుల వణుకుకో ప్రొప్రనొలాల్ లాంటి మాత్రలు వాడుతుంటే ఆ మాట కూడా డాక్టరుకి చెప్పు, వాటి వల్ల కూడా గాఢమైన కలలు వస్తాయి. నీ అంతట నువ్వు మాత్రం మానేయొద్దు.

ప్రశ్న: నాకు డెబ్బై దాటినాయి. గుత్తి కోట మెట్లదారిలో, చిన్నప్పటి స్నేహితుడు ముందర పోతా ఉంటే నేను ఎనక పోతున్నట్టు కల వస్తుంది. వాడు పోయి చానా ఏళ్లాయె. మా కోడలు భయపడుతోంది, నాకైతే సంతోషంగా ఉంది. తప్పా?

జవాబు: తప్పేముంది పెద్దాయనా. భయపడేది కోడలు, కల మీది. ఇద్దరూ ఎందాకా ఎక్కినారు, ఆ కోటనేలిన మురారిరావు గద్దె దాకా పోయినారా లేదా అని మాత్రం రాయలా మీరు. మోకాళ్లు నొప్పి లేకుండా ఆ కోట ఎక్కే యోగం మాకెవరికీ లేదు.

ప్రశ్న: తెల్లారుజామున వచ్చిన కల నిజమవుతుందంటారు కదా మేడం, నాకు పాత కాలేజీ కారిడార్లో పరీక్ష హాలు దొరకనట్టు సరిగ్గా ఆ టైముకే వస్తుంది. నేను ఫెయిలవుతానా? (అనంతపురం, డిగ్రీ ఫైనలియర్)

జవాబు: మొదటి జాములో వచ్చిన కల ఏడాదికి ఫలిస్తుంది, వేకువ కల తొందరగా ఫలిస్తుంది అని స్వప్నశాస్త్రాల లెక్క. వేకువ కల అంత గట్టిగా ఎందుకు గుర్తుంటుందో 1953లో షికాగోలో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అనే ఇద్దరు కనిపెట్టినదాంతో కొంత తెలిసింది. కనుగుడ్లు గబగబా కదిలే నిద్ర ఒకటుంది, ఆ నిద్రలోనే కలలు గాఢంగా వస్తాయి, అది దాదాపు గంటన్నరకోసారి వస్తుంది, తెల్లారేకొద్దీ ఎక్కువసేపు ఉంటుంది. అందులోనే అలారం మోగి లేస్తావు కాబట్టి కల మొత్తం గుర్తుంటుంది, రాత్రి పదకొండుకి వచ్చింది గుర్తుండదు. గుర్తున్నది కాబట్టి దాన్నే నిజం చేస్తాం. పరీక్ష హాలు దొరకని కల పరీక్షలు రాసి ముప్పై ఏళ్లయినోళ్లకి కూడా వస్తుంది, మా ఆఫీసులోనే ఉన్నారు, అందరూ పాసైనోళ్లే. హాల్‌టికెట్ ముందురోజే బ్యాగులో పెట్టుకో, వీలైతే ఒక రోజు ముందర పోయి రూము యాడుందో చూసిరా.

వచ్చే సంచికకి నీళ్ల కలలు, చెరువు, వాగు, బావి ఏదైనా సరే. రాసేటప్పుడు నీళ్లు అని మాత్రం రాసి వదిలేయకుండా ఏ ఊరి చెరువు, అందులో నీళ్లు ఉండినాయా ఎండిపోయిందా, మీతో ఇంకెవరున్నారు, లేచినాక ఎట్లుండింది అనేవి కూడా రాయండి. లాటరీ నంబర్లు అడిగేవాళ్లు దయచేసి రాయొద్దు.